నాలుగో గేరు

ఆయన అసలు పేరు డ్రైవింగు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఊరంతటికీ ఆయన నిదానం. ఎదురుగా ఉంటే నిదానంగారు, పక్కకు వెళ్తే ఉత్త నిదానం. ముప్ఫై ఒక్కేళ్ళు మున్సిపాలిటీ వారి అంతిమయాత్ర బండి నడిపిన మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు? వెనక పడుకున్నది జడ్జిగారైనా, జోళ్ళు కుట్టేవాడైనా ఆ బండిది ఒకటే వేగం, మనిషి నడిచే వేగం. నిదానమే ప్రధానమని మనమంతా నోటితో అంటాం. ఆయన కాలితో అన్నాడు, అంతే తేడా.

అది ఒక పాత పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక పొడుగాటి తొట్టి, తొట్టి మీద అద్దాల గది. ఉద్యోగంలో చేరిన రోజున పాత డ్రైవరు ఆయనకు ఒకే ఒక్క పాఠం చెప్పాడు.

"దారి చూసి నడిపితే ఈ పని రాదు నాయనా. అద్దంలో చూసి నడపాలి. వెనక నడిచొచ్చేవాళ్ళలో అందరికంటే ముసలివాళ్ళెవరో చూడు. వాళ్ళ అడుగెంతో నీ బండి అంత."

ఆయన ఆ మాట మీదే బతికాడు. ముందు దారి ఎటూ ఆయనకు కంఠతా వచ్చు. కళ్ళెప్పుడూ పక్క అద్దంలోనే ఉండేవి. ఒక తాత ఆయాసపడితే బండి ఆగేది, ఒక తల్లి కూలబడితే ఆగేది. ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడైనా ఆయన కాలు బరువు పెట్టేవాడు కాదు. అదే దారిలో ఏడ్చి అలిసినవాళ్ళు ఇళ్ళకు నడుస్తుంటారు, వాళ్ళ పక్కనుంచి రయ్యిమని పోతే ఏం బాగుంటుంది? అలా పాకడం వల్ల ఇంజను వేడెక్కిపోతోందని మున్సిపాలిటీ వారు ఇంకో ఫ్యాను బిగించారు. క్లచ్చి ప్లేట్లు కాలిపోతుంటే మార్చారు. డ్రైవరును మాత్రం మార్చలేదు.

మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, ఆయనకు అడుగుల చప్పుడు వినిపించేది. చెప్పులు, బూట్లు, చేతికర్రలు, చంటిపిల్లను ఎత్తుకున్నవాళ్ళ బరువైన అడుగులు. సన్నటి వాన ఆగకుండా పడుతున్నట్టు ఉండేది. అది భయపెట్టే కల కాదు. కాకపోతే నిద్రలో కూడా ఆయన కుడికాలు దుప్పటి కింద మెల్లగా, ఎవరినీ తొందరపెట్టకుండా, ఏదో నొక్కుతూ ఉండేది.

రిటైరైన ఏడాదే కొత్త వ్యాను వచ్చింది. పాత బండిని వేలానికి పెడితే దాని ఛాయలకు కూడా ఎవరూ రాలేదు. ఆయనే తెచ్చుకున్నాడు. భార్య ముక్కున వేలేసుకుంది.

"మనింటికా? మనమింకా బతికే ఉన్నాం కదండీ!"

ఆవిడ ఇంట్లో కర్టెన్లు కుడుతుంది. ఆ బండి వాకిట్లో నిలబడితే తన గుమ్మం తొక్కేదెవరని ఆవిడ బాధ. అందులో న్యాయముంది. అందుకని బండి వెనక వీధిలో ఉన్న మరదలి షెడ్డుకు చేరింది. ఈ మరదలు ఆవిడకు స్వయానా చెల్లెలు, లేతు మిషను షాపు నడుపుతుంది. చేతికి ఎప్పుడూ గ్రీజు, నోటికి ఎప్పుడూ వెటకారం. బావ అంటే ప్రాణం కాబట్టి వెటకారం ఇంకో పాలు ఎక్కువ.

మొదట ఆయనకు రేసుల ఊసే లేదు. బండిని మళ్ళీ కొత్తగా చూసుకోవాలని మాత్రమే కోరిక. అద్దాల గది విప్పేశాడు. తొట్టిలో పుచ్చిన చెక్కలు పీకేశాడు. తుప్పును ఉప్పుకాగితంతో రుద్దుతూ రుద్దుతూ ఐదు నెలలు గడిపేశాడు. మధ్యాహ్నాలు షెడ్డు రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నటి కడ్డీలుగా దిగేది, అందులో తుప్పు ధూళి ఎర్రగా తేలేది. ఆయన స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని, కదలని బండికి గేర్లు మార్చుకుంటూ ఎటో వెళ్ళిపోయేవాడు. ఎటు వెళ్ళొచ్చావని మరదలు అడిగితే, తెలియదమ్మా, చల్లగా ఉంది అక్కడ, అనేవాడు.

గేరుబాక్సు విప్పిన రోజున కథ మలుపు తిరిగింది. మరదలు పళ్ళచక్రాలన్నీ కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద వరసగా పరిచింది.

"ఇలా రా బావా, నీ జాతకం చూద్దువుగాని."

మొదటి గేరు పళ్ళు అరిగి మొండైపోయాయి. రెండోది సగం అరిగింది. మూడోదీ నాలుగోదీ మాత్రం నిన్న కోసినట్టున్నాయి. ఫ్యాక్టరీలో పడిన సన్నటి గీతలు కూడా చెరగలేదు, గీకితే గోరుకు తగులుతున్నాయి.

"ఈ రెండూ కొత్తవి వేశావా?" అన్నాడాయన.

"నేనెక్కడ వేశాను? పుట్టినప్పట్నుంచీ వాటికి నువ్వు పని చెప్తే కదా!"

ఆయన నాలుగో గేరు చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అరిగినదాన్ని చూసి ఎవరైనా బాధపడతారు. ఆయనకు అరగనిదాన్ని చూస్తే గుండె బరువెక్కింది. తనలోనూ ఇలాంటివి ఎన్ని అలాగే నూనెలో మునిగి ఉండిపోయాయో అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరదలు అటు తిరిగి, అవసరం లేకపోయినా స్పానర్లు సర్దుకుంది.

"దీన్ని ఒక్కసారి వెయ్యాలమ్మా," అన్నాడు చివరికి.

"మనూళ్ళో నాలుగో గేరు పడేలోపు ఊరే అయిపోతుంది బావా. రేసుకు పద."

విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఊరి బయట ఉంది. అక్కడ ఏటా డ్రాగ్ రేసులు పెడతారు. మలుపులుండవు, చుట్లుండవు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి, పచ్చలైటు వెలుగుతుంది, నాలుగు వందల మీటర్లు తిన్నగా ఎవరు ముందు పోతే వాళ్ళది గెలుపు. పాత బళ్ళకు వేరే పోటీ ఉంది. ఒక్కో జోడీకి రెండు పరుగులు.

ఇంకో ఏడాది చూద్దామనడానికి లేదు. ఆయన కంటిలో వెనక పొర పాడవుతోంది. "పగటిపూట ఇప్పటికి పరవాలేదు. ఈ లైసెన్సు గడువు దాకా నడుపుకోండి, తర్వాత నేను సంతకం పెట్టను," అని కంటి డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ గడువు రేసు జరిగే నెలాఖరుకే. ఆ గేరు పడితే ఆ రన్‌వే మీద పడాలి, లేకపోతే ఇక ఈ జన్మకు లేదు.

ఇంజను సిలిండర్లు కాస్త పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేశారు. ఒక కార్బురేటరు ఉన్నచోట రెండు పెట్టారు. పొగగొట్టం తిన్నగా, అడ్డం లేకుండా తీశారు. మున్సిపాలిటీ వారి రెండో ఫ్యాను పీకి అవతల పారేశారు. ఇంజను చురుగ్గా అందుకోవాలని ఫ్లైవీలు బరువు తగ్గించడానికి మరదలు దాన్ని లేతు మీద ఎక్కించి చెక్కుతూ పోతే, వెండి సుడుల్లాంటి ఇనప రజను ఆమె కాళ్ళ చుట్టూ పోగుపడింది. వెనక బరువు లేని పికప్పు గట్టిగా లాగితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకని వెడల్పు టైర్లు వేసి, ఇరుసు మీద నాలుగు ఇసుక బస్తాలు కట్టారు. అన్నేళ్ళూ మనుషుల్ని మోసిన చోట ఇసుక పెట్టడం ఆయనకు కాసేపు అదోలా అనిపించింది. రంగు తెలుపే ఉంచుకున్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని వీధిలో నవ్వారు. ఇన్నేళ్ళూ తమవాళ్ళను మెల్లగా తీసుకెళ్ళమని ఆయన్ని బతిమాలింది ఈ నవ్విన నోళ్ళే, అది వేరే సంగతి. భార్య నవ్వలేదు. ఆవిడకు నిజంగా భయం.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలండీ. మీకేమైనా అయితే నేనేం కావాలి?"

"ఒక్కసారే," అనేవాడు. ఆవిడ అలిగింది. అలిగి కూడా సీటుకు కొత్త గుడ్డ కుట్టి, చెల్లెలి చేతికిచ్చి పంపించింది.

రేసు రోజున రన్‌వే మీద ఎండ ఆవిరిలా ఊగుతోంది. దూరంగా గెలుపు గీత నీళ్ళలో ఉన్నట్టుంది. పక్కదారిలో ఒక పళ్ళ డాక్టరుగారి పాత ఎర్ర కారు. మైకులో మాట్లాడేవాడికి పెద్ద హుషారు. భార్య మెట్ల మీద, తన మొహం ఎవరికీ కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పచ్చలైటు వెలిగింది. ఎర్ర కారు ఎగిరిపోయింది.

ఆయన అద్దంలో చూశాడు.

కావాలని చూడలేదు. పాదం క్లచ్చి మీంచి లేవగానే కళ్ళు వాటంతటవే అటు పోయాయి. వెనక ఎండలో ఏవో ఆకారాలు ఊగుతున్నాయి. ఇంజను మోతలోంచి అడుగుల చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎవరో ముసలాయన వెనకబడ్డాడనిపించింది. కుడికాలు మెత్తబడింది. అంత ఇంజను పెట్టుకుని తెల్లబండి మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో, జనం ముందునుంచి సాగింది.

ముందు ఒక నవ్వు లేచింది. ఈలలు పడ్డాయి. అంతలో మూడో మెట్టు మీదున్న ఒక ముసలావిడ లేచి నిలబడింది. ఆవిడ పక్కన ఇంకొకాయన లేచాడు. వాళ్ళకు ఆ బండి తెలుసు, ఆ నడక తెలుసు. ఒకరి వెనక ఒకరు, ఎందుకు లేస్తున్నామో తెలియకుండానే జనమంతా లేచారు. ఈలలు ఆగిపోయాయి. మైకువాడు కూడా నోరు మూశాడు. నాలుగు వందల మీటర్లూ ఆ బండి అలాగే వెళ్ళింది, అది గీత దాటేదాకా ఒక్కరూ కూర్చోలేదు.

భార్య కూడా నిలబడే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పనిని ఆవిడ కళ్ళతో చూడటం అదే మొదలు. ఇంట్లో కాఫీ చల్లారిపోయేదాకా తాగని మనిషి, చెప్పిన మాటకు మర్నాడు జవాబు చెప్పే మనిషి, బయట ఏం మోసుకు తిరిగాడో అప్పుడు తెలిసింది.

బండి తిరిగొచ్చేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది. "నా వల్ల కాదమ్మా. వెనక వస్తున్నారు," అన్నాడు మరదలితో.

"ఎవరూ రావట్లేదు బావా! ఆ అద్దం పీకేస్తా, బరువూ తగ్గుతుంది." ఆమె అప్పటికే స్క్రూడ్రైవరు తీసింది.

"వద్దు. అది లేకపోతే అసలు కాళ్ళూ చేతులూ ఆడవు నాకు."

ఇంకొక్క పరుగే మిగిలింది. మరదలికి మొదటిసారి వెటకారం తోచలేదు. అప్పుడు వచ్చింది భార్య, మెట్లు దిగి, మోకాలినొప్పితో కుంటుకుంటూ. పాత బళ్ళ పోటీలో బెల్టూ హెల్మెటూ పెట్టుకుంటే పక్కన ఒకరు కూర్చోవచ్చు. బరువెందుకని ఎవరూ కూర్చోరు. ఆవిడ తలుపు తీసి ఎక్కేసింది.

"అక్కా, నువ్వెక్కితే ఇసుక బస్తాలు దింపేయొచ్చే!"

"నోరు మూసుకుని ఆ హెల్మెటు ఇటివ్వు," అని ఆవిడ భర్త వైపు తిరిగింది. "వెనక నేను చూస్తాను. మీరు ముందు చూడండి."

"నీకు భయం కదా?"

"భయమే. పోనివ్వండి."

పచ్చలైటు వెలిగింది. బస్తాల బరువుకు వెనక చక్రాలు నేలను కరిచి పట్టుకున్నాయి. బండి ముక్కెత్తి దూకింది. ఆవిడ కెవ్వుమని కేకేసి, బెల్టు సాగినంత మేర వెనక్కి తిరిగి, క్యాబిను వెనక అద్దంలోంచి చూస్తోంది. మొదటి గేరు అయింది. రెండోది అయింది. మూడో గేరు, ఎన్నడూ ముట్టని గేరు, వెన్నలో వేలు దిగినట్టు దిగింది. అక్కడ ఆయన కాలు మళ్ళీ తడబడింది. చప్పుడు వినిపిస్తోంది, అవే అడుగులు. కళ్ళు అద్దం వైపు లాగుతున్నాయి. ఆయన గట్టిగా ముందుకే చూస్తూ, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"వస్తున్నారా?"

ఆవిడ వెనక చూసింది. ఖాళీ రన్‌వే, కాస్త పొగ, చాలా దూరంలో ఎగిరి గంతులేస్తున్న చెల్లెలు.

"లేదండీ. అందరూ ఎప్పుడో ఇళ్ళకు చేరిపోయారు."

ఆయన నాలుగో గేరు వేశాడు.

ఇన్నాళ్ళూ ఆ గేరులో బండి గర్జిస్తుందనుకున్నాడు. అలా ఏమీ జరగలేదు. ఇంజను ఒక మెట్టు దిగి, ఊపిరి వదిలి, శాంతించింది. కిటికీల్లోంచి చల్లటి గాలి వచ్చింది. అడుగుల చప్పుడు లేదు. పళ్ళ డాక్టరు ఎప్పుడో గెలిచేసి అవతల కారు తిప్పుకుంటున్నాడు. గెలుపు గీత ఎప్పుడు దాటిందో ఈ ఇద్దరికీ తెలియలేదు. ఆయనకు చెంపలు తడిసిపోతున్నాయి. తుడుచుకోలేదు. అలవాటు కొద్దీ చెయ్యి గేరు తగ్గించడానికి కదిలింది.

ఆవిడ ఆ చేతిమీద తన చెయ్యి వేసింది.

"అప్పుడే తీసేయకండి," అంది. "ఇంకా బోలెడు దారి ఉంది."