మావయ్య బాప్తిస్మానికి నేను వెతికిన దగ్గర దారి

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వయసు మీద కాస్త అసూయగానే ఉంటుంది. తొంభైల్లో, బంటుమిల్లి అవతల మా ఊళ్ళో, వారమంతా ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఆదివారం పొద్దున మా మందిరంలో సండే స్కూలు పిల్లలకి ఇశ్రాయేలీయుల ప్రయాణం చెప్పేవాణ్ణి. రెండు చోట్లా ఒకటే బెత్తం, ఒకటే గొంతు. ఐగుప్తులో ఇటుకలు మోయించే దగ్గర మొదలుపెట్టి మోషే కర్ర చాపి ఎర్ర సముద్రాన్ని చీల్చి, మధ్యలో ఆరిన నేల మీద జనాన్ని దాటించేసరికి పిల్లల సంగతేమో గానీ నా చొక్కా మాత్రం తడిసిపోయేది. ఆ కథలో నాకు అస్సలు గిట్టనిది ఆ జనం. అన్ని అద్భుతాలు కళ్ళారా చూసి కూడా అడుగడుక్కీ సణుగుడే. నీళ్ళు లేవని, కూర లేదని, ఐగుప్తులో తిన్న ఉల్లిపాయలు గుర్తొస్తున్నాయని. "నేనే గనక అక్కడ ఉండుంటేనా..." అనేవాణ్ణి పిల్లలతో. (ఉండుంటే ఏం చేసేవాణ్ణో దేవుడు ఎక్కువ రోజులు ఆగకుండానే చూపించాడు.)

మా అమ్మకి అన్నయ్య ఒకాయన ఉండేవాడు. అత్తయ్య ప్రతి ఆదివారం లోపల చాప మీద కూర్చుంటే, మావయ్య బయట అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ప్రసంగం మొత్తం వినేవాడు. మా పాస్టరు అయ్యగారు "బాప్తిస్మం ఎప్పుడండీ?" అని అడిగితే, "చుట్ట మానేశాకండీ" అనేవాడు. ఒక ఏడు నిజంగానే మానేశాడు. అప్పుడు "ఈ దగ్గు తగ్గాక" అన్నాడు. దగ్గు తగ్గితే ఊడ్పులు, ఊడ్పులు అయితే కోతలు. అత్తయ్య పదిహేనేళ్ళు ఆయన కోసం ప్రార్థన చేసింది. అలాంటి మనిషి ఒక వేసవిలో, ఎవరూ అడగకుండానే, అన్నం తింటూ తింటూ "సరే, తీసుకుంటాను" అన్నాడు. అత్తయ్య చేతిలో గరిటె జారి పప్పులో పడిందట. అయ్యగారు ఆలస్యం చేయకుండా ఆ వచ్చే ఆదివారమే పది గంటలకి సముద్రంలో అని ఖాయం చేసి, ఏర్పాట్లు చూడడానికి ముందు రోజే ఒడ్డున ఉన్న పల్లెకి వెళ్ళిపోయారు. "ఈసారి తప్పిపోయిందంటే ఈయన మళ్ళీ దొరకడు నాయనా" అంది అత్తయ్య నాతో.

అలవాటైన దారి ఒకటుంది. పెడన మీదుగా బస్సులో బందరు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలు కట్టించుకోవాలి. తోడు వచ్చే మందిరం వాళ్ళందరూ దానికే సిద్ధపడ్డారు. నేను లేచి, చిన్నప్పుడు తాతయ్యతో పొలాలకి అడ్డం పడి రెండు గంటల్లో సముద్రానికి వెళ్ళానని, ఆ గట్లన్నీ నాకు కంఠతా వచ్చని, బస్సు శుద్ధ దండగని చెప్పాను. "మోషేకి బస్సు ఉందా?" అని కూడా అడిగాను.

"ఆయనకి దేవుడు చెప్పాడు దారి. నీకెవరు చెప్పారు?" అంది అత్తయ్య.

అయినా పన్నెండు మందీ నా వెనక బయల్దేరారు. మాస్టారినన్న గౌరవం అలాంటిది. ఉదయం ఆరింటికి నల్ల గొడుగు చేత్తో పట్టుకుని ముందు నేను, పొడి బట్టల సంచితో మావయ్య, పులిహోర క్యారియరుతో అత్తయ్య, వెనక తక్కినవాళ్ళు. మైలు నడిచామో లేదో తాతయ్య పొలాలు మాయమైపోయాయి. నేను చదువులకని గుడివాడలో ఉన్న ఆ నాలుగేళ్ళలో వరి పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయన్న సంగతి నాకు తెలియక కాదు. ఊళ్ళో అందరూ చెప్పుకునేదే. కానీ నా తలలో ఉన్న దారి మాత్రం వరి పొలాల్లోంచే పోతోంది! ఎటు చూసినా నలుచదరంగా నీళ్ళు, నీళ్ళ చుట్టూ గట్లు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎనిమిదిన్నరకి ఎండ చురుక్కుమంది. ఒక తాటాకు పాక ఎదురైంది. "ఈ పాకని చూడడం ఇది మూడోసారి" అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఇంటి దగ్గరుంటే ఈపాటికి ఇంత చద్దన్నంలో పెరుగు పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినేవాణ్ణి" అన్నాడు మావయ్య.

"మావయ్యా, దయచేసి ఉల్లిపాయల మాటెత్తకు" అన్నాను.

"ఏం, ఉల్లిపాయ కూడా పాపమేనా?"

నా కొత్త తోలు చెప్పులు అప్పటికే రెండు మడమలూ కొరికేశాయి. ఈ జనాన్ని వెంటేసుకుని రావడం నాదే బుద్ధి తక్కువ అని నాలో నేను గొణుక్కున్నాను. కాసేపటికి పైకే అన్నాను. ఆ తర్వాత దేవుడితో కూడా అన్నాను. సండే స్కూలు పిల్లలెవరూ వెంట లేకపోవడం ఆ రోజు నాకు దక్కిన పెద్ద కృప.

ఆఖరికి ఒక మురుగు కోడు, పొలాల నీళ్ళు సముద్రానికి పోయే పెద్ద కాలువ, అడ్డం వచ్చింది. నిండుగా ఉంది, వంతెన లేదు, అవతల మళ్ళీ చెరువులు. మావయ్య సంచి కింద పెట్టి, ఎంతో ప్రశాంతంగా, "దేవుడి చిత్తం లేదేమోరా అల్లుడూ. ఇంటికి పోదాం. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు చేసింది గానీ, తుడుచుకున్నది చెమట కాదని నాకు తెలిసిపోయింది. అప్పటిదాకా నాకు నా మడమల బాధే పెద్దదిగా ఉంది. ఆ క్షణంలో అసలు సంగతి తట్టింది. పదిహేనేళ్ళ ప్రార్థనని నేను తీసుకొచ్చి మురుగు కోడులో పారేస్తున్నాను. ఏం చేయాలో తోచక, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, గొడుగు తెరిచి నీళ్ళ వైపు చాపి కళ్ళు మూసుకున్నాను. (తెరవడం ఎందుకో నాకిప్పటికీ తెలియదు.)

"ఆ గొడుగు మూసెయ్యి నాయనా. కొంగలు బెదిరిపోతున్నాయి" అంది అత్తయ్య.

కొంగలతో పాటు, వెనక కనిపిస్తున్న ఆ పాక దగ్గరి కుక్క కూడా బెదిరి మొరిగింది. "ఎవర్రా అక్కడ! రొయ్యల కోసం పట్టపగలే దిగారా?" అంటూ పాకలోంచి చెరువుల కాపలాదారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజుల్లో రొయ్యల దొంగలంటే హడలు. నేను నా ఉద్యోగం, చదువు, వంశం అన్నీ ఒక్క గుక్కలో చెప్పబోయాను. అత్తయ్య నన్ను పక్కకి జరిపి, "దొంగలం కాదయ్యా. మా ఆయనకి బాప్తిస్మం ఇప్పించడానికి సముద్రానికి పోతున్నాం. దారి తప్పాం" అంది. ఆయన కర్ర దించేశాడు. పంచెలో మావయ్యని, సంచిని, క్యారియరుని చూశాడు. "బాప్తిస్మానికా? ఇలా వస్తే రేపటికి కూడా చేరరమ్మా. నా వెనక రండి" అన్నాడు.

ఆయన మమ్మల్ని కోడు వెంట వెనక్కి తీసుకెళ్ళి, ఒక తాటి దుంగ మీంచి అవతలికి దాటించి, రెండు పెద్ద చెరువుల మధ్య ఉన్న ఒక చెరువులోకి దిగమన్నాడు. పది రోజుల కిందటే రొయ్యలు పట్టేశారట, నీళ్ళు తీసేసి ఎండబెట్టారు. అడుగంతా పెచ్చులు పెచ్చులుగా నెర్రెలిచ్చి ఉంది. దిగి నాలుగడుగులు వేశాక ఎవరో అన్నారు, "అటు చూడండి" అని. కుడి గట్టు అవతల నీళ్ళు, ఎడమ గట్టు అవతల నీళ్ళు, రెండు పక్కలా మా గుండెల ఎత్తున నిలబడి ఎండకి మెరుస్తున్నాయి. మధ్యలో ఆరిన నేల మీద మేము. సణుగుడంతా టక్కున ఆగిపోయింది. అత్తయ్య సన్నగా పాట ఎత్తుకుంటే వెనకాల వాళ్ళందరూ అందుకున్నారు. నేను అందుకోలేదు. రెండు పక్కలా ఆ నీళ్ళనే చూస్తూ నడిచాను.

అలా చూస్తూ చూస్తూ అందరికన్నా వెనకబడ్డాను. అవతలి మూలన ఇంకా పచ్చిగా ఉన్న బురదలో నా తోలు చెప్పు ఒకటి ఉండిపోయింది. దాన్ని పీకబోయి రెండోదీ పోగొట్టుకున్నాను. నన్ను లాగడానికి వచ్చిన మావయ్య నడుముదాకా కూరుకుపోయాడు. కాపలాదారు కర్ర అందించి ఇద్దర్నీ పైకి లాగాడు.

ఒడ్డుకి చేరేసరికి పదకొండున్నర దాటింది. అయ్యగారు ఇసుకలో అటూ ఇటూ తిరుగుతున్నారు. బురద ముద్దలా ఉన్న మావయ్యని చూసి, "ఇదేంటండీ!" అన్నారు. "మీ వంతు సగం మా అల్లుడు ముందే కానిచ్చేశాడండీ. మిగతాది మీరు కానివ్వండి" అన్నాడు మావయ్య. ఆ మాటకి నవ్వుతూనే ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. పైకి లేచాక మావయ్య చాలాసేపు సముద్రం వైపే చూస్తూ నిలబడిపోయాడు. కాపలాదారు కూడా అంతసేపూ ఉండి, అత్తయ్య పెట్టిన పులిహోర తిని, అప్పుడు వెళ్ళాడు.

అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. తిడతారనుకున్నాను. "దేవుడు ఇశ్రాయేలీయుల్ని దగ్గర దారి ఉండి కూడా అటు తీసుకెళ్ళలేదయ్యా, చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. ఆ మాట చదివావా?" అన్నారు.

"చదివానండీ" అన్నాను. చదవలేదు. సముద్రం చీలే దగ్గరికి తొందరగా వెళ్ళాలని ఆ వాక్యం మీంచి ప్రతిసారీ దాటేసేవాణ్ణి.

తిరుగు ప్రయాణం బందరు నుంచి పెడన మీదుగా బస్సులోనే. మావయ్య, నేను ఒకే సీట్లో కూర్చున్నాం. నా కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన తల ఇంకా తడిగానే ఉంది. బస్సు ఎక్కడో ఆగి, ఎంతకీ కదలకపోతే, "ఇంకా ఎంతసేపు పడుతుందిరా?" అని అడిగాడు.

"తెలియదు మావయ్యా" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశాడు. నా నోట ఆ మాట వినడం ఆయనకదే మొదటిసారి. నాకూ అంతే. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ మాట చాలాసార్లు అనాల్సొచ్చింది, అనడం తేలికైంది కూడా. కానీ ఆ మొదటిసారి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మావయ్య చిన్నగా నవ్వి, తడి తల నా భుజానికి ఆనించి, బస్సు కదలకముందే నిద్రపోయాడు.