లోపలేముందో గీసి చూసిన రేణుక

సోమవారం మొదటి పీరియడులో పంపుల పాఠం చెబుతుండగా మిట్టేమరి నుంచి నారాయణప్ప ఫోను చేశాడు. "సార్, మా పాప పోయింది" అన్నాడు. ఏ పాప అని అడిగాను. తెలియక కాదు, ఆ ప్రశ్నతో వార్తను ఒక్క క్షణమైనా ఆపగలనేమోనన్న ఆశతో. మా మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని, ఇరవై రెండేళ్ల రేణుక ఇక లేదు. బాగేపల్లి ఆసుపత్రికి తెస్తుండగా దారిలోనే గుండె ఆగిపోయిందట.

చిక్కబళ్ళాపురంలోని మా కళాశాలలో ఆమె చేరిన కొత్తలో, ఈ శాఖే ఎందుకు ఎంచుకున్నావని అడిగాను. "మా బోరు మోటరు చెడిపోతే పైకి తీస్తారు గదా సార్, ఆ పొద్దు మా నాయన అన్నం తినడు. నాకు మాత్రం పండగ. మెకానిక్కు విప్పితే లోపల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇన్నెందుకని అడిగితే ఊరకుండు పాపా అన్నాడు. అది తెలుసుకునేకే వచ్చినాను" అంది. జ్ఞానతృష్ణ అన్న మాటను సన్మానపత్రాలలో ఎన్నిసార్లు రాశానో! దాని ముఖం చూసింది ఆ రోజే.

ఆమెకొక విచిత్రమైన వ్యసనం. ఏ వస్తువునైనా నడిమికి కోస్తే ఎలా కనబడుతుందో గీసేది. కుక్కరు విజిలు, కుళాయి, సీతాఫలం, చివరకు నా పెన్ను కూడా. "బయట చూపించేకి ఫోటో చాలు సార్. లోపల గీయల్లంటే ఆలోచన చేయల్ల" అనేది.

రెండో సంవత్సరంలో ఆమె మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. తండ్రి నారాయణప్ప తన మూత్రపిండం ఇస్తానన్నాడు. షుగరు ఉండడంతో వైద్యులు ఒప్పుకోలేదు. తల్లి అంతకుముందే పోయింది. దాతల కోసం ఎదురుచూసే జాబితాలో చేరిన రేణుక పేరుకు పిలుపు రానే లేదు. డయాలసిస్‌కు చింతామణిలో చోటు దొరికింది. మంగళ, గురు, శనివారాలు బస్సు ప్రయాణానికీ ఆ యంత్రానికీ సమర్పితమయ్యాయి. "నన్ను రెండు దినాల తాడుతో కట్టేసినారు సార్. అది అందేంత వరకే నా మేత" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ ఏడు విద్యార్థులను మలెనాడు కొండల్లోని జలవిద్యుత్ కేంద్రానికి తీసుకెళ్లాం. నాలుగు రోజుల ప్రయాణం, ఆమెకు అసాధ్యం. అక్కడి ఇంజినీర్లను అడగమని పదకొండు ప్రశ్నలు రాసిచ్చింది. నేను నాలుగే అడిగాను. "మిగతావి?" అంటే సమయం చాలలేదమ్మా అన్నాను. నిజానికి పిల్లలతో కలిసి జలపాతం చూడడానికి వెళ్లిపోయాను.

అంతకంటే పెద్ద అపరాధం మరొకటుంది. హాజరు చాలనివారి జాబితాలో ఆమె పేరు రాసింది నేనే. వైద్యుల పత్రాలకూ ఒక పరిమితి ఉందన్నారు, నియమమన్నారు, సంతకం చేశాను. ఆమె చివరి ఏడాది పరీక్షలు ఆగిపోయాయి. "మీరు రాయకుంటే ఇంకొకరు రాస్తారు సార్. కానీ నేను యాడికి పోతాండానో మీకు తెలుసు గదా?" అంది, గొంతు పెంచకుండా.

ఆ మాట నన్ను నిలువనీయలేదు. మరుసటి గురువారం చింతామణి వెళ్లాను. ఆ గదిలో నాలుగు మంచాలు. రేణుక ఎడమచేతికి సూదులు, కుడిచేతిలో పెన్సిలు. "ఈ పంపులో చక్రాలు లేవు సార్. రెండు రోలర్లు గొట్టాన్ని ఒత్తుకుంటా పోతాయి. రక్తం గొట్టాన్ని తప్ప దేన్నీ తాకదు" అని నాకే పాఠం చెప్పింది. ఇరవై ఏళ్లుగా పంపులు బోధిస్తున్న నేను అటువంటిదాన్ని కళ్లారా చూడలేదు.

అంతలో కరెంటు పోయింది. జనరేటరు పలకలేదు. రేణుక యంత్రం బ్యాటరీతో నడిచింది కానీ, పక్క మంచం మీది పెద్దాయన యంత్రం బ్యాటరీ పనిచేయక పూర్తిగా ఆగింది. ఆయన రక్తం గొట్టాలలో నిలిచిపోయింది, కదలకుంటే అక్కడే గడ్డకడుతుంది. కొత్తగా చేరిన నర్సు బిగుసుకుపోయింది. రేణుక లేవలేదు, సూదులు లేవనివ్వవు.

"అమ్మా, వెనకాల పిడి ఉండాది చూడు. దాన్ని పంపుకు తగిలించు. బాణం చూపించే పక్కకే తిప్పల్ల. నిదానంగా... ఇంకా నిదానంగా. అట్లనే. సార్, మీరు టైము చూడండి."

పావుగంట తర్వాత కరెంటు వచ్చేదాకా ఆ నర్సు తిప్పుతూనే ఉంది, రేణుక చెబుతూనే ఉంది. పెద్దాయన తేరుకున్నాక చేతులు జోడిస్తే, "నాదేముందప్పా, తిప్పింది ఆయమ్మ" అంది. ఆ సాయంత్రమే ఆ పిడి వాడే విధానాన్ని బొమ్మగా గీసి, తెలుగులోనూ కన్నడలోనూ రాసి నర్సు చేతికిచ్చింది.

డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరుతూనే ఉంటుంది, శనివారం నుంచి మంగళవారం దాకా ఉండే ఎడం అన్నిటికంటే పొడవైనది. అటువంటి ఒక ఎడంలోనే, ఆ సోమవారం తెల్లవారుతుండగా ఆమెకు ఊపిరాడలేదు.

మిట్టేమరిలో అన్నీ అయ్యాక నారాయణప్ప నన్ను పక్కకు పిలిచాడు. ఆగిపోయిన ఆ పరీక్షలు ఆమె ఇంకో నెలలో రాయాల్సి ఉండింది, అవి రాస్తే పట్టా వచ్చేది. "సార్, ఒక మాట అడుగుతాను. మా పాప ఇంజినీరు అయినట్టేనా, కానట్టేనా?"

జాబితా మీద సంతకం చేసిన నన్నే అడిగాడు. తప్పించుకోవడానికి దారి లేదు.

"అయినట్టేనప్పా" అన్నాను.

ఈ మాటను ఏ విశ్వవిద్యాలయమూ అంగీకరించదు. ఆమెవంటి శిష్యురాలు నాకు మళ్లీ దొరకదు. ఆమె పవిత్రస్మృతికి నేను అర్పించగలిగినది ఆ ఒక్క మాటే. దాన్ని ఇక్కడ నా పూర్తి ఎరుకతో మళ్లీ రాస్తున్నాను. రేణుక ఇంజినీరు.