ఉపేందర్ బిగింపు

సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద బండ్లకు కరెంటు పని చేసే ఉపేందర్‌కు ఒకటే గర్వం: తన చేయి పడ్డ బోల్టు వదులు కాదు. పానా చివర ఇనుప పైపు తొడిగి, మెడ నరాలు ఉబ్బేదాకా తిప్పుతాడు. ఇప్పుడా గర్వమంతా మోతె ఊళ్లో, ఆండాలు అనే ముసలి రైతు పొలం మధ్య చతికిలబడింది.

దామరచర్ల నుంచి కోతకు వచ్చిన సక్రు వరికోత మిషన్‌కు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టెను మొన్ననే ఉపేందర్ మార్చాడు. అదురు తగలకుండా కింద రబ్బరు దిమ్మలూ వేశాడు. అయినా రెండు చుట్లు తిరగ్గానే ఇంజన్ ఆగింది. గాలికి ఒరిగిన వరి. పడమట నల్లటి మబ్బు. వాన పడితే వెన్నులోనే మొలకొస్తుంది. ఆండాలుకు ఏడాది తిండి అదే.

"ఇంకో మిషన్ దొరకదా బిడ్డా?" ఆండాలు సక్రును అడిగింది.

"ఈ మబ్బుల ఎవలొస్తరు పెద్దమ్మా? అన్ని మిర్యాలగూడ దిక్కే ఉన్నయి," అని సక్రు ఉపేందర్ వైపు తిరిగాడు. "అన్నా, నీ బిగింపు జన్మల ఊడది గని, ఇంజనే నడుస్తలేదు."

"జర స్టార్ట్ చెయ్."

ఇంజన్ దగ్గుతూ లేచింది. ఉపేందర్ పెట్టె మీద అరచేయి పెట్టాడు. కింది ఇనుము ఎంత అదురుతోందో పెట్టె కూడా అంతే అదురుతోంది. వంగి చూశాడు. దిమ్మలు రొట్టెల్లా అణిగి, అంచులు చీలి ఉన్నాయి.

వెనకటికి గాజుల వాళ్లు గతుకుల బాటలో ఎడ్లబండి మీద తిరిగేవారు. గాజులను వరిగడ్డిలో మెత్తగా పొదిగేవారు. తాళ్లతో బిగిస్తే మొదటి గుంతకే ముక్కలు. రబ్బరుకూ మెదలడానికి చోటుండాలి, అప్పుడే అదురును మింగుతుంది.

ఇంజన్ మళ్లీ ఆగింది.

"తప్పు నాదే సక్రూ. రబ్బర్‌ను పిసికి సంపిన. లోపల అతికిన టాకాలు గూడ అదురుకు లేసినట్టున్నయ్."

"ఇగ ఖతమా?"

ఉపేందర్ పానా అందుకున్నాడు. బోల్టులు ఊడదీశాడు. చట్రానికి బిర్రుగా కట్టిన వైర్లను కోసి వదులు చేశాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని డ్రైవర్ సీటు పక్కన కూలబడ్డాడు.

"పోనియ్. మెల్లగ."

మిషన్ కదిలింది. తొడల మీద కూడా అదురు ఎక్కుతుంటే పెట్టెను రెండు అరచేతుల్లో గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. ఇంజన్ ఒకసారి తడబడింది, మళ్లీ అందుకుంది. చేతులు తిమ్మిరెక్కి వేళ్లు తనవి కాకుండా పోతున్నాయి. మెడ మీద తొలి చినుకు పడింది. పెట్టె తడవకుండా దాని మీదికి వంగాడు.

"ఇంకెంత ఉన్నది?" తల ఎత్తకుండానే అడిగాడు.

"సగం," అన్నాడు సక్రు.