సుబ్బారెడ్డి కారు తలుపు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలం. కర్నూలు బళ్లారి రోడ్డులో మా టింకరింగ్ షెడ్డు. గుద్దుకున్న బండ్ల సొట్టలు తీయడం, తలుపులూ బానెట్లూ మళ్లీ వరుసలో కూర్చోబెట్టడం నా పని. పెయింటు పని సంజన్నది. ఒకే రేకుల కప్పు కింద ఇద్దరం ఏళ్లుగా కలిసి ఉన్నాం.

ఒక పొద్దున చిన్న లారీ మీద తాళ్లతో కట్టిన కారొకటి వచ్చింది. పైకప్పు లేదు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. ఏ కంపెనీ పేరూ లేదు. కోయిలకుంట్లలో ట్రాక్టర్ ట్రాలీలు చేసే సుబ్బారెడ్డి సొంత చేతులతో కట్టుకున్న స్పోర్ట్స్ కారు అది. ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి ఛాసీ కట్టి, దానిమీద అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి వంపులు తెచ్చాడు. నిమిరి చూస్తే ఎక్కడా సుత్తి దెబ్బ చేతికి తగల్లేదు. అంత పనిమంతుణ్ణి చూడాలనిపించింది. కానీ లారీలోంచి దిగింది ఆయన భార్య సుజాతమ్మ. ఆయన ఉగాదికి ముందే గుండెపోటుతో పోయాడట.

"డ్రైవరు తలుపు పడ్డంలేదన్నా," అందామె. "ఆయన కూచోని ఒక్క ఏలుతో లాగితే పడేది. ఆయన పోయిన్నుంచి ఎవురు మూసినా పడదు. ఇది పాడు బండి, పాత ఇనుముకేసేద్దాం అంటాండాడు మా బావ. పిల్లోళ్లు దాని పక్కకే పోరు."

"మీరేమంటారమ్మా?"

"నాకు తోలాలనుండాది. తోలేది నేర్పిచ్చిందీ ఆయనే, మా జీపులో." ఆమె గొంతు తగ్గించింది. "మేం ఎక్కేది ఆయనకిష్టం లేదేమో అని ఒగోసారి అనిపిస్తాదన్నా. అదేందో తేల్చు."

తలుపుకీ దాని చుట్టూ ఉన్న ఒంటికీ మధ్య కనిపించే సందును మేం ప్యానెల్ గ్యాప్ అంటాం. అది పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో గీత గీసినట్టు ఉండాలి. ఈ తలుపుకి పైన వేలు దూరేంత సందు, కింద గోరు కూడా దూరదు. తలుపు తిరిగే హింజుల దగ్గర షిమ్ములు, అంటే పలుచని రేకు ముక్కలు, మార్చి దాన్ని సరిచేస్తాం. రోజూ చేసే పనే కదా అనుకున్నాను.

సంజన్న డ్రైవరు సీట్లో కూర్చుని తలుపును లోపలినుంచి పట్టుకున్నాడు. నేను బయట నట్లు బిగించాను. గీత చక్కగా వచ్చింది, లాకు పడింది. నా పనిముట్లు ఇటువైపు పరిచి ఉండటంతో సంజన్న అటువైపు తలుపులోంచి దిగిపోయాడు. నేను అన్నానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తలుపు వారగా తెరుచుకుని ఉంది. పైన మళ్లీ అదే వేలు దూరేంత సందు.

"ఎవురు తీసినారు సంజన్నా?"

"నేను తాకనే లేదప్పా! ఈడ ఇంకెవురూ రాల్యా."

మళ్లీ సరిచేశాం. మళ్లీ తెరుచుకుంది. కొన్నాళ్లపాటు ఇదే వరస. ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరం షెడ్డు మూలన నీళ్లు తాగుతున్నాం. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. ఎవరూ లేని ఆ కారులోంచి టక్‌మని లాకు విడిచిన చప్పుడు వచ్చింది. లోపల ఎవరో దిగబోతున్నట్టు తలుపు మెల్లగా బెత్తెడు జరిగి ఆగింది. సంజన్న గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. మరునాడు నిమ్మకాయ తెచ్చి స్టీరింగుకు కట్టాడే తప్ప మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు. నేనూ ఆ కారుకు వీపు పెట్టి పనిచేయడం మానేశాను.

చేసేదిలేక సుజాతమ్మకు ఫోను చేశాను. వచ్చి, నేను తలుపుతో పడే అవస్థంతా చూసింది.

"లోపల ఎవురూ లేకుండానే జూస్తాండారే?" అంది. "ఆయన ఎప్పుడూ అట్ల జేయల్యా. తాను లోపల కూచునేవాడు. నన్ను బయట నిలబెట్టి, సందు ఎట్లుండాదో చెప్పమనేవాడు. బండికి నా బరువు తెలియల్ల అనేవాడు. దిగినాక మాత్రం తలుపు వారగా వదిలేసేవాడు. ఊరికే తిట్టేదాన్ని."

నాకు అప్పుడు వెలిగింది. పైకప్పు లేని బండి నడుము వంగుతుంది. మనిషి కూర్చుంటే ఛాసీ మధ్యలో దిగి, తలుపు పైసందు మూసుకుంటుంది. దిగితే తెరుచుకుంటుంది. సుబ్బారెడ్డి తన బరువుకు సరిపెట్టుకున్నాడు. మేము సంజన్న బరువుకు సరిపెట్టి, ఖాళీ బండిని చూసి భయపడ్డాం.

"ఆయన ఎంత లావుండేవాడమ్మా?"

"మీ ఇద్దరూ కలిసినంత," అంది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

షిమ్ములన్నీ ఆయన పెట్టినట్టే పెట్టేసి, సీట్లో ఆయన బరువుకు బదులు గోనెసంచులు పెట్టి వాటిలో ఇసుక పోయడం మొదలుపెట్టాను. పోసేకొద్దీ పైసందు దారమంత దారమంత దగ్గరపడింది. చివరికి గీత పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా నిలిచింది. ఆ తలుపును అంత చక్కగా నేనెప్పుడూ కూర్చోబెట్టలేదు.

"చాలన్నా. ఇంగ పోయొద్దు," అంది సుజాతమ్మ. ఆమె గీతను చూడటంలేదు. సీటును చూస్తోంది. చూస్తూనే జారిన కొంగు భుజం మీదికి సర్దుకుంది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు.

సంచులు గబగబా దించేశాను. సీటు మెల్లగా పైకి లేచింది. గ్యాప్ మాత్రం కదల్లేదు. ఖాళీ బండి, అయినా గీత గీతలాగే ఉంది. సుజాతమ్మ తలుపు మీద చెయ్యి వేసి, వంగి, ఏదో మెల్లగా చెప్పింది. అది నేను వినవలసిన మాట కాదనిపించి దూరంగా జరిగాను. చాలాసేపటి తర్వాత వెనకనుంచి టక్‌మని లాకు విడిచిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పైసందు మళ్లీ తెరుచుకుని ఉంది.

"ఎండకు కాలిన ఇనుము కదమ్మా, వెనక్కి రావడానికి కొంచెం టైము పడుతుంది," అన్నాను.

"అట్లనే కానీలే అన్నా. ఇంగ నన్ను కూచోబెట్టి చెయ్యి."

ఆమెను సీట్లో కూర్చోబెట్టి ఆమె బరువుకు హింజులు సరిచేశాను. దిగినప్పుడు కూడా విడవకుండా లాకు కొక్కేన్ని కొంచెం లోపలికి జరిపాను. ఆమె ఒక్క వేలుతో లాగితే తలుపు పడింది. లారీ వద్దని, తానే తోలుకుంటూ కోయిలకుంట్లకు వెళ్లిపోయింది.

అప్పటినుంచి తలుపు పని ఏది వచ్చినా, ఆ బండి ఎవరు తోలుతారని ముందు అడుగుతాను. వాళ్లను కూర్చోబెట్టాకే నట్లు బిగిస్తాను. ఎందుకని అడిగితే ఛాసీ వంగుతుందని చెబుతాను. అది నిజమే. కానీ ఇసుక దించేశాక కూడా ఆ గీత అంతసేపు ఎవరి బరువుతో నిలిచిందో మాత్రం నేను చెప్పలేను. సంజన్న కూడా అడగడు.