తోర్‌లో కూర్చున్న తెల్ల డబ్బా

కిర్గిజు కొండల్లోని నారిన్ ఊళ్లో, బడి వంటశాలలో బురుల్‌కాన్ ముప్పై ఏళ్లు గరిటె తిప్పింది. ఆమె గడప తొక్కి ఆకలితో వెళ్లినవాడు ఇంకా పుట్టలేదు. చుట్టమంటే ఆమెకు ప్రాణం, పరువంటే అంతకన్నా ప్రాణం.

ఆవిడుండే ఐదంతస్తుల పాత మేడకు పొదుపు నేర్పుతానంటూ ఎసెన్ అనే కుర్ర ఇంజనీరు దిగబడ్డాడు. ఇంటికో తెల్ల డబ్బా పంచాడు. గది ఎంత వెచ్చగా ఉందో డబ్బా కనిపెట్టి, నేలమాళిగలోని యంత్రానికి చెబుతుందట. ఏ ఇంటికి ఎంత కావాలో అంతే వేడినీళ్లను యంత్రం గొట్టాల్లోకి వదులుతుందట.

"గదిలో మంచి చోటు చూసి పెట్టండి ఎజే" అని అక్కగారి వరస కలిపి చెప్పిపోయాడు. అంత చదువు చదివి, కిర్గిజు ఇంట్లో మంచి చోటంటే ఏదో మరిచిపోయాడు మహానుభావుడు.

బురుల్‌కాన్ మరవలేదు. డబ్బాను తోర్‌లో, గుమ్మానికి దూరంగా పెద్దలు కూర్చునే చోట పెట్టింది. వెనక తివాచీ, పక్కన బొంతల దొంతర, ఎదురుగా పొగలు కక్కుతూ టీనీళ్లు కాచే కరెంటు సమోవార్. ఆ రాజభోగం మరిగిన డబ్బా, ఇల్లు భేషుగ్గా ఉందని కబురు పెట్టింది. యంత్రం గొట్టాల్లో వేడినీళ్లు కట్టేసింది. బురుల్‌కాన్ రెండో స్వెటర్ తొడుక్కుని, పొదుపు వర్ధిల్లాలని సమోవార్ మళ్లీ పెట్టింది.

"మేడ మొత్తంలో తక్కువ వేడి వాడింది మీరే ఎజే!" ఎసెన్ వచ్చి, కోటు విప్పకుండానే మెచ్చుకున్నాడు. "చలిగా లేదుగా?"

"చలా? మా ఇంట్లోనా?" అంది, పళ్లు టకటకలాడకుండా బిగబట్టి.

ఆ వారమే కోడలు నజీక్ ఆసుపత్రి నుంచి పసిదాన్ని తెచ్చుకుంది.

"అపా, పిల్ల చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. ఆ అబ్బాయితో చెప్పొచ్చుగా?" అంది అత్తగారితో.

"మన ఇల్లు చల్లగా ఉందని పరాయివాడితో చెప్పనా?"

పిల్ల గుక్కపట్టింది. ఆ చేతుల్ని పట్టుకున్నాక బురుల్‌కాన్‌కు నిజంగా భయమేసింది. విసురుగా లేచింది.

"ఇక లే నాయనా, నీకన్నా పెద్ద చుట్టం వచ్చింది" అంటూ డబ్బాను తీసుకెళ్లి గుమ్మం పక్కన, ఈదురుగాలిలో, బూట్ల మధ్య పడేసింది. పిల్ల తొట్టిని తోర్‌లోకి జరిపింది. కాసేపటికి గొట్టాలు గుడగుడలాడాయి. సాయంత్రానికి పిల్ల చేతులు వెచ్చబడ్డాయి.

మర్నాడే ఎసెన్ పరుగెత్తుకొచ్చాడు. పుట్టి నలభై రోజులు కాని పిల్లున్న ఇల్లు కనుక బురుల్‌కాన్ అతన్ని గుమ్మంలోనే ఆపి టీ అందించింది.

"ఏంటెజే ఇది! బంగారంలాంటి లెక్కలు పాడైపోయాయి. దీన్ని బూట్లలో పడేశారేంటి?"

"నేను వణికి చస్తుంటే హాయిగా ఉన్నామని చాటిందయ్యా నీ డబ్బా. నువ్వడిగితే నేనూ అదే కూశాను. అడగందే అమ్మయినా పెట్టదు, నీ యంత్రం పెడుతుందా?" ఆమె తొట్టి వైపు చూసింది. "ఇంట్లో నిజం ఏడ్చింది అదొక్కతే. దానికింకా పరువంటే తెలీదు, బతికిపోయింది."