దర్జీ గారి కిటికీ

ఇప్పుడు రంగురంగుల కుర్చీలతో మిడిసిపడుతున్న మా ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో ఒకప్పుడు అన్నీ చెక్కమెట్లే. జనం ఎగిరితే మెట్లూ ఎగిరేవి. ఒక ఫైనల్ నాడు అవి కుప్పకూలాయి. మా వీధి దర్జీకి రెండు కాళ్లూ మోకాళ్ల దాకా తీసేశారు. అప్పటినుంచి ఆయన బట్ట కత్తిరిస్తే, భార్య మిషన్ తొక్కేది.

ఆయన కోలుకున్నాక, మాంసం కొట్టు యజమాని నలుగురిని పోగేసి ఆయన్ని భుజాల మీద మ్యాచ్‌కి మోసుకెళ్లాడు. ఆ రోజు మా జట్టు గెలిచింది. ఇంకేముంది, కుంటి దర్జీ కాస్తా అదృష్టదేవుడైపోయాడు! ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా వదల్లేదు మావాళ్లు.

"ఆ మెట్లు కాళ్లు మింగింది చాల్లేదా? నలుగురూ మోసేది చివర్లో ఒక్కసారేనండీ. మీకు వారం వారం మోతే!" అనేది భార్య.

"నాలుగు జతల కాళ్లొచ్చాయే, నీకెందుకు ఏడుపు?" అని నవ్వేవాడు. నిజంగానే నమ్మాడు, పిచ్చి మనిషి.

పాతది పడగొట్టి కొత్త స్టేడియం కట్టారు. మొదటి మ్యాచ్‌కి ఆయన జట్టు రంగులో చొక్కా కుట్టుకున్నాడు. అన్నిటికన్నా పై వరుసలో కూర్చోబెట్టారు. జట్టు చిత్తుగా ఓడింది.

"శని మొహం!" అన్నాడు మాంసం కొట్టాయన. దిగిపోయారు. ఒక్కడూ వెనక్కి చూడలేదు. టీ తాగి వస్తారనుకున్నాడు దర్జీ. ఊడ్చేవాళ్లు వచ్చారు గానీ వాళ్లు రాలేదు. చివరికి భార్యే ఎక్కి వచ్చింది. ఆమె పట్టుకుంటే, ఆయన అరచేతుల మీద ఒక్కొక్క మెట్టే దేక్కుంటూ దిగాడు. కొత్త చొక్కా మోచేతుల దగ్గర చిరిగింది. ఊరి మీద ఉమ్మెయ్యాలనిపించింది నాకు.

మళ్లీ మ్యాచ్ రోజు తలుపు చప్పుడైంది. "వచ్చారే! చొక్కా, చొక్కా అందుకో!" అన్నాడు. చిరుగులు తనే కుట్టుకుని ఉంచాడు.

మాంసం కొట్టాయన గుమ్మం దాటలేదు. "బాబాయ్, ఏమనుకోకు. జట్టు కుర్రాళ్లు ఈ దారినే వెళ్తారు. నీ మొహం ఎదురుకాకుండా కాస్త కిటికీ వేసుకుంటావా?"

భార్య కత్తెర అందుకుంది. దర్జీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. దేక్కుంటూ వెళ్లి, తనే కిటికీ మూశాడు.

ఆ రోజు మా జట్టు గెలిచింది. ఇక ఆ కిటికీని ఎవరు తెరవనిస్తారు?