నుమాయిష్‌లో పొట్టు పొయ్యి

గౌలిపురలో దుర్గయ్యను అందరూ పొయ్యిల దుర్గయ్య అనేవాళ్లు. తాతల కాలంలో వాళ్ల ఇంటి ముందు బర్రెలుండేవి. తండ్రి హయాంలో అవి ఒక్కొక్కటిగా అమ్ముడుపోయి, ఖాళీ కొట్టం ఒక్కటి మిగిలింది. ఆ కొట్టంలోనే దుర్గయ్య రేకు కత్తెర, సుత్తి, దాగలి పెట్టుకుని పొట్టు పొయ్యిలు చేసేవాడు. పాత డ్రమ్ముల రేకు తెచ్చి కత్తిరించి, గుండ్రంగా వంచి, అంచులు మడిచి కొట్టేవాడు. పొద్దంతా గల్లీ దద్దరిల్లేది. మొదట్లో పక్కింటివాళ్లు లొల్లి పెట్టారు గానీ, తర్వాత వాళ్లూ ఆ పొయ్యిలే కొనుక్కుని ఊరుకున్నారు.

పొట్టు పొయ్యి అంటే అడుగున పక్కకు ఒక కంత ఉన్న రేకు డబ్బా, అంతే. నడుమ ఒక సీసా నిలబెట్టి, కంతలోంచి ఒక కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు గట్టిగా దట్టించాలి. తర్వాత సీసానూ కర్రనూ మెల్లగా లాగేస్తే లోపల మంటకు దారి ఏర్పడుతుంది. కింద నుంచి అంటిస్తే పూటంతా మండుతుంది. ఊదే పని లేదు, కట్టెలు ఎగదోసే పని లేదు. టింబర్ డిపోల దగ్గర పొట్టు బస్తాలకు బస్తాలు చౌకగా దొరికేది.

కిరసనాయిలు దొరక్క జనం రేషన్ షాపుల ముందు డబ్బాలు పెట్టుకుని నిలబడ్డ రోజుల్లో దుర్గయ్యకు ఊపిరాడనంత పని ఉండేది. శాలిబండ నుంచి, లాల్‌దర్వాజ నుంచి ఆడవాళ్లు వచ్చి కొట్టం ముందు కూర్చుని, పొయ్యి తయారయ్యాక నెత్తిన పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఆ కరువు తీరాక కొట్టం ముందు ఎవరూ కూర్చోలేదు. చేసిన పొయ్యిలు ఒకదాని మీద ఒకటి గోడ పొడుగునా పేరుకుపోయాయి. రాత్రి మంచుకు వాటి అంచులు తుప్పు పట్టేవి. పొద్దున్నే వాటిని ఇటుక ముక్కతో రుద్దడం ఒక పనైపోయింది.

నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ మాట మొదట తెచ్చింది దుర్గయ్య బామ్మర్ది సాయిలు. అతను ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. డెబ్బై ఆరులో దసరాకు అక్క ఇంటికి వచ్చినప్పుడు గోడ పొడుగునా ఉన్న పొయ్యిలను చూసి ఆగిపోయాడు.

"బావా, నాంపల్లి నుమాయిష్‌ల మా ఫ్యాక్టరోళ్లు ఏటా దుకాణం పెడ్తరు. ఊరూరి మంది అస్తరు. నువ్వు గూడ ఒక దుకాణం పట్టు. గీ గల్లీల కూసుంటే నీ పొయ్యి ఎవనికి ఎర్క?"

"గది పెద్దపెద్దోళ్ల జాగ సాయిలూ. మన డబ్బాలు అక్కడెవరు చూస్తరు?"

"మండుతుంటే చూడరా? ముందల ఒక పొయ్యి ఎలిగించి పెట్టు. దాని మీద అన్నం ఉడుకుతుండాలె. ఎవడూ ముట్టొద్దు, ఎవడూ ఊదొద్దు. చూసినోళ్లే అడుగుతరు."

ఆ మాట దుర్గయ్యకు బాగా పట్టింది. దసరా నుంచి దీపావళి దాకా అతను చేతిలో సుత్తి ఉన్నా నుమాయిష్‌లోనే ఉన్నాడు. కొట్టంలో బొగ్గుముక్కతో నేల మీద గీతలు గీసి, ఇక్కడ మెట్లు, మెట్ల మీద చిన్న పొయ్యి నుంచి పెద్ద పొయ్యి దాకా వరుస, ఇక్కడ మండే పొయ్యి, ఇక్కడ నువ్వు అని భార్యకు చూపించేవాడు. ఆమె పేరు నీలమ్మ. ఉన్న ఒక్క కూతురికీ పెళ్లయి ధూల్‌పేట్‌లో కాపురముంటోంది. కాబట్టి ఇంట్లో ఏ పనైనా వీళ్లిద్దరే. పొయ్యిలకు వెండిరంగు పూస్తే బాగుంటుందని దుర్గయ్యకు తోచింది. ఇద్దరూ కూర్చుని పూశారు. ఆ రంగు వాసనకు నీలమ్మకు తలనొప్పి పట్టుకుని దీపావళి దాకా వదల్లేదు.

తీరా దుకాణం అడగడానికి వెళ్తే, నుమాయిష్ ఆఫీసులో ఉన్న పెద్దమనిషి అంతా నెమ్మదిగా విని తల అడ్డంగా ఊపాడు.

"పొయ్యిలు పెట్టుకో, అమ్ముకో. కానీ వెలిగించేది మాత్రం లేదు. ఆ పక్క చీరల దుకాణం, ఈ పక్క రగ్గుల దుకాణం. నిప్పురవ్వ పడితే ఏం గావాలె?"

"మండకపోతే అది వట్టి డబ్బా గదా సార్!"

పెద్దమనిషికి అతని ముఖం చూసి జాలేసినట్టుంది. "తినే వస్తువుల వరుసలో అయితే నిప్పు పెట్టుకోనిస్తరు. కానీ అక్కడ తినేవి అమ్మాలె. నీ ఇష్టం మరి" అన్నాడు.

దుర్గయ్య నాంపల్లి నుంచి గౌలిపుర దాకా నడిచే వచ్చాడు. వచ్చి గుమ్మంలో కూలబడి జరిగింది చెప్పాడు. నీలమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగింది.

"అంటే నేను గాడ కూసోని మిర్చీ బజ్జీలు ఎయ్యాల్నా?"

"నువ్వు ఎయ్యకుంటే ఎవరేస్తరు? మిర్చీలు గాదే, మనం అమ్మేది పొయ్యిలు. మిర్చీలు ఊరికే సాకు."

"సాకు అంటే ఎన్ని రోజులు?"

"నుమాయిష్ ఉన్నన్ని రోజులు."

నీలమ్మ మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఒప్పుకుందో, వద్దనడానికి ఓపిక లేక ఊరుకుందో దుర్గయ్య అడగలేదు.

జనవరిలో నుమాయిష్ మొదలైంది. తినే దుకాణాల వరుస చివర, తడకలతో కట్టిన చిన్న జాగా వాళ్లది. వెనక మెట్ల మీద వెండిరంగు పొయ్యిలు, ముందర మండే పొయ్యి, దాని మీద నూనె మూకుడు, మూకుడు ముందు నీలమ్మ. సాయిలు ఎవరితోనో రాయించి తెచ్చిన బోర్డు మీద 'దుర్గయ్య పొట్టు పొయ్యిలు' అని ఎర్రటి అక్షరాలు. మొదటి రోజు దుర్గయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, కనిపించిన ప్రతివాణ్ణీ పిలిచి పొయ్యి చూడమన్నాడు. వాళ్లు చూశారు. చూసి మిర్చీలు అడిగారు.

మర్నాడూ అంతే. నీలమ్మ వేసే మిర్చీలకు పేరొచ్చింది. ఆమె మిరపకాయను చీల్చి లోపల చింతపండు, వాము ముద్ద పెట్టేది. వేరే దుకాణాల వాళ్లు అలా పెట్టేవాళ్లు కాదు. పొద్దు గూకే వేళకు మూకుడు చుట్టూ జనం మూగేవాళ్లు. వాళ్ల వీపులు అడ్డమై వెనకున్న పొయ్యిలు ఎవరికీ కనిపించేవి కావు. ఒకాయన మిర్చీ తిని, కాగితం ఉండచుట్టి, కింది మెట్టు మీది పొయ్యిలో వేసి వెళ్లిపోయాడు. దుర్గయ్య ఆ కాగితం తీసి, భుజం మీది తువ్వాలతో పొయ్యిని తుడిచాడు.

పని మాత్రం ఇద్దరినీ పిండేసింది. తెల్లారకముందే లేచి శనగపిండి జల్లించాలి, మిరపకాయలు చీల్చాలి, డిపో నుంచి పొట్టు బస్తా తేవాలి. బస్తాలు ఆరుబయట ఉండడంతో మంచుకు పొట్టు చెమ్మగిల్లేది. చెమ్మ పొట్టు అంటుకునేదాకా ఒకటే పొగ. నీలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి, పిండిలో మిరపకాయ ముంచి నూనెలో వదిలేది. నుమాయిష్ సగానికి వచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రబడి, రెప్పలు ఉబ్బాయి. ఇంటికి వెళ్లేటప్పుడు సిటీ బస్సులో కూర్చోగానే కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోయేది. స్టాపు వచ్చినప్పుడు దుర్గయ్య భుజం తట్టి లేపాల్సి వచ్చేది. లేపేముందు ప్రతిసారీ అతనికి మనసొప్పేది కాదు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం విమలాదేవి అనే ఆవిడ వచ్చింది. కాచిగూడలో బడిపంతులమ్మ. జనం ఇంకా రాలేదు. ఆవిడ మిర్చీలు అడగలేదు. నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లి, ఒక పొయ్యి పైకెత్తి బరువు చూసి, కంతలో వేలు పెట్టి చూసింది. దుర్గయ్య ప్రాణం లేచివచ్చింది. పరుగున వెళ్లి పొట్టు ఎలా దట్టించాలో, ఎంతసేపు మండుతుందో, పప్పు ఎలా మెత్తగా ఉడుకుతుందో అంతా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. విని, నీలమ్మ వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా. మా వంటిల్లు ఇరుకు. ఒక్కటే కిటికీ. పొగ వస్తుందా?"

నీలమ్మ దుర్గయ్య వంక చూడలేదు. జల్లిగంటె మూకుడు అంచున పెట్టి అన్నది.

"అస్తదమ్మా. పొట్టు ఎండగుంటే జర తక్కువ. చెమ్మగుంటే మస్తు అస్తది. నా కండ్లు సూడు. ఇరుకు ఇంట్ల అయితే కొనకు."

విమలాదేవి ఆమె కళ్లలోకి చూసి, "పసుపు నీళ్లతో గుడ్డ తడిపి పెట్టుకోండి" అని చెప్పి వెళ్లిపోయింది. పొయ్యి కొనలేదు.

దుర్గయ్యకు ఒళ్లు మండింది. అరిచేవాడే గానీ పక్క దుకాణాల వాళ్లు చూస్తున్నారు. పళ్లు బిగబట్టి అన్నాడు.

"వచ్చిందే ఒక్క గిరాకీ. దాన్ని గూడ ఎల్లగొడ్తివి."

"అడిగింది. చెప్పిన" అన్నది నీలమ్మ.

"ఎన్నడన్న నాతోని అన్నవా పొగ అని?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

మర్నాడు నీలమ్మ లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఒక కన్ను తెరుచుకోలేదు. ఇంట్లోనే ఉండమని చెప్పి దుర్గయ్య ఒక్కడే నాంపల్లి వెళ్లాడు. తానే పొట్టు దట్టించి, అంటించి, మూకుడు ముందు కూర్చున్నాడు. అతను జీవితమంతా పొయ్యిలు చేశాడు. వాటి ముందు ఒక పూట కూర్చున్నది మాత్రం ఎన్నడూ లేదు. పొయ్యి అంటుకోగానే లేచి వెళ్లిపోయేవాడు. అతను ఎటు జరిగితే పొగ అటే వచ్చింది. గొంతులో దిగింది. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయి. నూనెలో మిర్చీలు కనిపించక మాడిపోయాయి. జనం మాడిన మిర్చీలు చూసి, "అమ్మ రాలేదా?" అని అడిగి వెళ్లిపోయారు.

పక్కనే చాయ్ దుకాణం పెట్టుకున్న ఖాదర్ భాయ్ ఇదంతా చూస్తున్నాడు. ఒక కప్పు చాయ్ తెచ్చి దుర్గయ్య చేతికిచ్చాడు.

"దుర్గయ్యా, ఒక మాట అడుగుత. నా బొగ్గుల పొయ్యి దగ్గర ఒక మనిషి ఎప్పుడూ కూసొని ఇసురుతనే ఉండాలె. నీలమ్మ భాబీ ఒక్కపారి అంటిస్తే పొద్దుమీకేదాంక దాన్ని మల్ల ముట్టదు. నేను రోజూ చూస్తున్న. నాకు దీనికి రెండింతలు పెద్దది చేసిస్తవా?"

"పొగ అస్తది భాయ్" అన్నాడు దుర్గయ్య, తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటూ. ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు అతనికే వింతగా అనిపించింది.

"నా దుకాణానికి గోడలెక్కడియి? గాలికి పోతది. ఫికర్ జెయ్యకు, చేసియ్యి."

ఆ రోజు దుర్గయ్య పెందలాడే దుకాణం మూసి ఇంటికి వచ్చాడు. నీలమ్మ కళ్ల మీద పసుపు గుడ్డ వేసుకుని మంచంలో పడుకుని ఉంది. అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఇంట్ల గూడ రోజూ గిట్లనే ఉంటదా?"

"ఏంది?"

"పొగ."

నీలమ్మ గుడ్డ తీయలేదు. "అలవాటైంది" అన్నది. కొంతసేపటికి, "నీకు మిర్చీలు ఎట్లొచ్చినయ్?" అని అడిగింది.

"మాడినయ్."

ఆమె పెదవులు కొంచెం కదిలాయి. నవ్వడానికి కూడా ఆమెకు ఓపిక లేనట్టుంది.

మిగిలిన రోజులు ఇద్దరూ వంతులవారీగా మూకుడు ముందు కూర్చుని ఎలాగో గడిపారు. చివరి రోజు తడకలు విప్పేటప్పటికి వెండిరంగు పొయ్యిలు దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. తోపుడుబండి మీద వేసుకుని ఇంటికి తోసుకొచ్చి, మళ్లీ గోడ పొడుగునా పేర్చారు.

ఖాదర్ భాయ్‌కి చేసిచ్చిన పెద్ద పొయ్యిని చూసి మదీనా చౌరస్తా దగ్గర మిర్చీబండి పెట్టుకున్న ఒకతను వచ్చాడు. తర్వాత పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లు వచ్చారు. పొయ్యిలు ఇళ్లల్లోకి పోతాయని దుర్గయ్య అనుకున్నాడు. అవి బండ్ల మీదికీ, ఫుట్‌పాత్‌ల మీదికీ పోయాయి. పని దొరికింది గానీ, ఆ పెద్ద రేకులు వంచేసరికి భుజాలు పడిపోయేవి. ఇళ్లకని పొగ గొట్టం పెట్టి ఒక పొయ్యి చేసి చూశాడు. గొట్టం బరువుకు పొయ్యి ఒరిగిపోయేది. కొన్నాళ్లు దాంతో కుస్తీపట్టి, చివరికి రేకు విప్పేసి వేరే పనికి వాడుకున్నాడు.

ఆ వానాకాలంలో అతను ఇంట్లోకి ఒక వత్తుల స్టవ్ కొనుక్కొచ్చాడు. పొయ్యిల దుర్గయ్య ఇంట్లో కిరసనాయిలు స్టవ్ మీద వంటేంటని గల్లీలో నవ్వారు. "నవ్వనీ" అన్నాడు. నీలమ్మ కళ్ల ఎరుపు తగ్గింది గానీ, చలిగాలి తగిలితే నీళ్లు కారడం మాత్రం ఆగలేదు.

మరుసటి ఏడు నుమాయిష్‌కు ఇద్దరూ టికెట్టు కొనుక్కుని వెళ్లారు. అంతకుముందు అన్ని రోజులు అక్కడే గడిపినా, తమ వరుస దాటి ఏముందో నీలమ్మకు తెలియదు. కాశ్మీరు శాలువాలు, గాజు సామాను, ఆకాశంలో తిరిగే రంగులరాట్నం చూసుకుంటూ నడిచారు. సగం కూడా చూడకముందే ఆమె ఒక కొయ్యబొమ్మల దుకాణం పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఇంకా చాన ఉన్నది, చూడవా?" అన్నాడు దుర్గయ్య.

"కాళ్లు గుంజుతున్నయ్. నువ్వు గూడ కూసో."

అతను పక్కన కూర్చున్నాడు. జనం వాళ్ల ముందు నుంచి వస్తూ పోతూ ఉన్నారు. ఎవరూ వాళ్లను ఏమీ అడగలేదు. చలి ముదిరేదాకా అలాగే కూర్చుని, లేచి బస్సు స్టాపు వైపు నడిచారు.